కారు వెనక ట్రాలీ కట్టుకునే కుటుంబాల తరఫున రవాణా శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా కమిషనర్ గారికి, హైదరాబాద్ నగర ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారులకు నమస్కారాలు.

నేను కుషాయిగూడలో ఉంటున్న విశ్రాంత మెకానికల్ ఇంజినీరును. ఉద్యోగ విరమణ తరువాత శంకరపల్లి దగ్గర ఒక ఎకరం భూమి కొనుక్కుని కూరగాయలు, నాలుగు రకాల పండ్ల చెట్లు పెంచుకుంటున్నాను. మొక్కలు, ఎరువు, పైపులు తీసుకెళ్లడానికి ప్రతిసారీ ఆటో ట్రాలీ మాట్లాడుకోవడం భారంగా తోచి, మా ఏడు సీట్ల డీజిల్ కారు వెనక తగిలించుకునే రెండు చక్రాల ట్రైలర్ ఒకటి చేయించుకున్నాను. మా ఇంట్లో దాన్ని ట్రాలీ అనే అంటాం. నాలాంటివాళ్లు ఇప్పుడు నగరంలో తక్కువేమీ కాదు. హుస్సేన్ సాగర్‌కు తెరచాప పడవలు తెచ్చుకునేవారు, పెళ్లిళ్లకు జనరేటరు తీసుకెళ్లేవారు, వంటసామాను మోసుకెళ్లే క్యాటరింగ్‌వారు, వారాంతంలో పొలానికి బయలుదేరే ఉద్యోగులు ఔటర్ రింగ్ రోడ్డు మీద కనిపిస్తూనే ఉన్నారు. మేము చేసే ఈ పని భద్రంగా ఎలా చేయాలో చెప్పే మనిషి గానీ, మా బండిని ఒకసారి చూసి ఫరవాలేదనే చోటు గానీ లేకపోవడం వల్లనే ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం మా ఆవిడ, ఎనిమిదేళ్ల మా మనవడు, నేను పొలానికి బయలుదేరాం. ట్రాలీలో పన్నెండు సిమెంటు బస్తాలు, ఒక బోరు మోటారు, వెనక తలుపు మీదుగా బయటికి పొడుచుకొచ్చిన పీవీసీ పైపులు ఉన్నాయి. దింపేటప్పుడు తేలికగా ఉంటుందని బస్తాలన్నీ తలుపు దగ్గరే, అంటే ఇరుసుకు వెనక వైపున పేర్పించాను. కారు వెనక భాగం కొద్దిగా పైకి లేచినట్టు కనిపిస్తే, బరువు కారు మీద పడలేదు కదా అని సంతోషించానే తప్ప అది ప్రమాద సూచన అని నాకు తట్టలేదు. పటాన్‌చెరు దాటి కొల్లూరు వైపు వెళుతుండగా, వాలులో మా వేగం ఎనభై దాటిన సమయంలో, ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటి వెళ్లింది. ఆ గాలికి ట్రాలీ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగింది. వెనక సీట్లో కూర్చుని అద్దంలోంచి చూస్తున్న మనవడు, "తాతయ్యా, మన ట్రాలీ పక్కకొస్తోంది" అన్నాడు. నేను బ్రేకు మీద గట్టిగా కాలు వేశాను.

అప్పుడు చేయకూడని పని అదొక్కటే. కారు ముందు నెమ్మదించగానే, సొంత బ్రేకులు లేని ట్రాలీ తన బరువంతటితో వెనకనుంచి తోసింది. అప్పటికే పక్కకు తిరిగి ఉన్న బరువు తిన్నగా తోయదు; కారు వెనక భాగాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఊగుడు రెట్టింపయింది, స్టీరింగు చేతిలో ఉన్నా కారు నా మాట వినలేదు. అదృష్టవశాత్తు పక్క లేన్లో ఎవరూ లేరు. అంచు దాటి మట్టిలో ఆగాం. ఎవరికీ దెబ్బలు తగలలేదు. మా ఆవిడ కిందికి దిగి పది నిమిషాలు మాట్లాడలేదు. ఇటువంటి సమయంలో యాక్సిలరేటరు మీదనుంచి నెమ్మదిగా కాలు తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకుని, ఊగుడుకు ఎదురు తిప్పకుండా వేగం దానంతటదే తగ్గే వరకు ఓపిక పట్టాలని నేను ఆ తరువాత తెలుసుకున్నాను. ముప్పై ఏళ్లు యంత్రాల మధ్య బతికినవాడిని నాకే తెలియనప్పుడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే కుర్రవాడికి ఎలా తెలుస్తుంది?

మర్నాడు ఇంటి ముందు ట్రాలీని మళ్లీ అదే పద్ధతిలో నింపి, కారుకు తగిలించే ఎత్తులో ఒక చెక్క ముక్క నిలబెట్టి, దాని కింద మేము ఇంట్లో బరువు చూసుకునే మిషన్ పెట్టాను. ముల్లు సున్నా మీదనుంచి కదలలేదు. ట్రాలీ ముందు భాగాన్ని కిందికి ఆనించడానికి దాన్ని నేనే చేత్తో నొక్కి పట్టుకోవలసి వచ్చింది, వదలగానే పైకి లేచింది. అంటే ఆ రోజు మా ట్రాలీ కారు మీద ఆనకపోగా, కారు వెనక భాగాన్ని పైకి ఎత్తుతూ వచ్చిందన్నమాట. తరువాత ఆ బస్తాలనే ఇరుసు మీదకు, కొంచెం ముందుకు జరిపి చూస్తే ముల్లు యాభై దగ్గరికి వచ్చింది. బస్తాలు అవే, ట్రాలీ అదే, మారింది వాటి చోటు మాత్రమే.

ఎడ్లబండి తోలినవారెవరికీ ఇది కొత్త విషయం కాదు. మా తాతగారు బండికి వరిగడ్డి వేయించేటప్పుడు ముందు మొగ్గు, వెనక మొగ్గు అని రెండు మాటలు అనేవారు. ముందు మొగ్గు ఎక్కువైతే ఎడ్ల మెడలు కాయలు కాస్తాయి, వెనక మొగ్గయితే కాడి పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయి. అందుకని కాడి ఎద్దు మెడ మీద ఆనీ ఆననట్టు కూర్చునేలా సరుకు సర్దించేవారు. కారు ట్రాలీకీ అదే సూత్రం, కాకపోతే ఇక్కడ లెక్క కొంచెం స్పష్టంగా చెప్పవచ్చు. బ్రిటన్‌లో కారవాన్లు (కారు వెనక లాగే ఇంటి బళ్లు) లాగేవారికి మొత్తం ట్రైలర్ బరువులో 5 నుంచి 7 శాతం కారు వెనక హుక్కు మీద పడేలా సర్దుకోమని చెబుతారు. అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. ఇరుసుకూ హుక్కుకూ మధ్య రెండున్నర మీటర్లున్న ట్రాలీలో, ఇరుసుకు ఒక మీటరు వెనక పెట్టిన యాభై కిలోల బస్తా ఒక్కటే హుక్కు మీద ఇరవై కిలోలు తగ్గించేస్తుంది. అదే బస్తాను ఒక మీటరు ముందు పెడితే ఇరవై కిలోలు పెరుగుతుంది. ఈ ఒక్క లెక్కను ప్రతి ట్రాలీ పక్కన తెలుగులోనూ ఉర్దూలోనూ బొమ్మతో సహా రాయించగలిగితే సగం ప్రమాదాలు పుట్టకుండానే పోతాయని నా నమ్మకం.

ఇక బరువు సంగతి. ఆ రోజు మా ట్రాలీ సొంత బరువు, సరుకు బరువు కలిపి తొమ్మిది వందల కిలోలు దాటింది. బ్రేకులు లేని ట్రైలర్‌కు బ్రిటన్‌లో 750 కిలోలు లేదా లాగే కారు బరువులో సగం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే పరిమితి. యూరప్ దేశాలలో కూడా బ్రేకులు లేనివాటికి 750 కిలోలే గీత. ఆ గీత ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది: కారు బ్రేకులను కంపెనీవారు ఆ కారుకూ, అందులో కూర్చునే మనుషులకూ సరిపడేలా చేస్తారు. పదిహేను వందల కిలోల కారు వెనక 750 కిలోలు కడితే అవే బ్రేకులు ఒకటిన్నర రెట్ల బరువును ఆపాలి. వేగం నలభై నుంచి ఎనభైకి పెరిగితే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ముందున్న ఆటో ఉన్నట్టుండి ఆగే మన రోడ్ల మీద, వానలకు నీళ్లు నిలిచే మన అండర్‌పాసుల దగ్గర ఆ తేడా ప్రాణాంతకం. ఇంతకంటే బరువైన ట్రైలర్లకు ఓవర్‌రన్ బ్రేకు అనే చక్కని ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. కారు నెమ్మదించినప్పుడు ట్రైలర్ ముందుకు తోసే ఒత్తిడినే వాడుకుని, ఒక కడ్డీ, ఒక కేబులు ద్వారా దాని చక్రాలకు బ్రేకు పడుతుంది. కరెంటు అక్కర్లేదు, కారులో ఏ మార్పూ అక్కర్లేదు. బాలానగర్‌లో, చర్లపల్లిలో ఇంతకంటే కష్టమైన పనులు రోజూ లేత్ మీద చేసి ఇస్తున్నవారికి ఇది చేయడం అసాధ్యమేమీ కాదు. చేయమని అడిగేవారు, చేసినదాన్ని పరీక్షించి చూసేవారు లేకపోవడమే లోటు.

అయ్యా, నాకు ట్రాలీ చేసి ఇచ్చిన వెల్డింగ్ షాపు ఆయన మోసగాడు కాదు. చానెళ్లు గట్టివే వేశాడు, రంగు బాగా కొట్టాడు. కానీ కారు వెనక హుక్కును చట్రానికి బోల్టులతో బిగించవలసింది పోయి బంపరు వెనకనున్న రేకుకు వెల్డింగ్ పెట్టాడు. భద్రతా గొలుసులు అడిగితే, ట్రాక్టరుకు కూడా ఎవరూ వేయించుకోరండీ అన్నాడు. కారు హుక్కు కొసన ఉండేది గుండు, దాని మీద బోర్లించే ట్రాలీ ముందు కొస కప్పు; ఒక ఊళ్లో కొన్న గుండు మీద ఇంకో చోట కొన్న కప్పు కూర్చుందని చూపించాడు. ఈ గుండ్లు ఎక్కువగా మూడు కొలతల్లో వస్తాయి: 47.6, 50, 50.8 మిల్లీమీటర్లు. చూపుకు ఒకేలా ఉంటాయి. చిన్న గుండు మీద పెద్ద కప్పు బాగానే కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది. స్పీడ్ బ్రేకరు మీద ఎగిరినప్పుడే అది ఊడుతుంది. అప్పుడు రక్షించేది గొలుసులే. రెండు గొలుసులను హుక్కు కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేస్తే, ట్రాలీ ఊడినా దాని నొగ రోడ్డులో గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయల మీద పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడేంత వదులు ఉండాలి, రోడ్డుకు రాసుకునేంత ఉండకూడదు. ఈ రెండు గొలుసుల ఖర్చు ఒక టైరు ఖరీదు కూడా కాదు.

చట్టం ఏమంటుందో నేను చదువుకున్నాను. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా ఒక మోటారు వాహనమే; దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. లాగే బండి నంబరు ట్రైలర్ మీద కనిపించాలని 61వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతోంది. పైగా మన దగ్గర అమ్మే చిన్న కార్లు చాలావాటి మాన్యువల్‌లో ట్రైలర్ లాగడానికి ఈ కారు ఉద్దేశించలేదని కంపెనీవారే రాస్తారు. ఆ మాట ఉన్న కారుతో ఎవరూ లాగకూడదు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ లాగగలిగిన కారు ఉండి, నియమం ప్రకారం నడుచుకుందామని కార్యాలయానికి వెళ్లినవాడికి దారి కనిపించాలి కదా. నేను వెళ్లినప్పుడు ఒక కౌంటరులో ట్రాక్టరు ట్రాలీ ఫారం ఇచ్చారు, రెండో కౌంటరులో కారుకు ట్రాలీ ఏమిటన్నారు, మూడో చోట ఎవరూ పట్టుకోరులెండి అని ధైర్యం చెప్పారు. ఆ ధైర్యం నాకు అక్కర్లేదు. ప్రమాదం జరిగిన రోజున నా బీమా చెల్లుతుందా, అవతలివారి కుటుంబానికి పరిహారం అందుతుందా అన్నది నాకు కావాలి.

వేగం విషయంలో మీ చేతిలో అధికారం ఉంది. అదే చట్టంలోని 112వ సెక్షన్, ప్రజా భద్రత కోసం వేగ పరిమితులు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తూ, ట్రైలర్ తగిలించిన వాహనాలను ప్రత్యేకంగా ప్రస్తావించింది. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించారు. ట్రాలీ కట్టుకున్న కారు కూడా కారే కదా అనుకుని అదే లేన్లో అదే వేగంతో పోయేవారిని నేను చూశాను. చాలాచోట్ల కార్లకు వేగ పరిమితే లేని హైవేలున్న జర్మనీలోనే ట్రైలర్ ఉన్న కారుకు మామూలుగా 80 కిలోమీటర్లు మించకూడదు. మన దగ్గర ఔటర్ మీద అరవై నుంచి డెబ్బై మధ్య, ఎడమవైపు లేన్లలో మాత్రమే అని నిర్ణయించి, టోల్ ప్లాజాల దగ్గర బోర్డు పెట్టించమని కోరుతున్నాను. నగరం లోపల అయితే నా అభిప్రాయంలో నలభై చాలు.

లైట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ట్రాలీ తగిలించగానే కారు వెనక లైట్లు దాని చాటుకు పోతాయి కాబట్టి ట్రాలీకి సొంత బ్రేకు లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు మీద వెలుగు, ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలి. బయలుదేరే ముందు ఒక మనిషి వెనక నిలబడి అవన్నీ వెలుగుతున్నాయో లేదో చూడాలి. లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీని చీకట్లో గుద్దుకుని ఎంతమంది పోయారో మీ శాఖకు నేను చెప్పవలసిన పని లేదు. టైర్లలో గాలి, బోల్టుల బిగింపు చూసుకోవడం, ఇరవై కిలోమీటర్లు నడిచాక మొదటి టీ కొట్టు దగ్గర ఆగి చక్రం మధ్యలోని హబ్ మీద చెయ్యి దగ్గరగా పెట్టి చూడడం కూడా అలవాటు చేసుకోవాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగులో ఏదో తేడా ఉందని, గ్రీజు అయిపోయి ఉండవచ్చని అర్థం. అక్కడినుంచి ఒక్క కిలోమీటరు కూడా ముందుకు పోకూడదు.

ఒక విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండాలని వేడుకుంటున్నాను. ట్రాలీలో మనుషులు కూర్చోకూడదు. వినాయక నిమజ్జనానికి వెళ్లేటప్పుడు విగ్రహాన్ని పట్టుకోమని పిల్లలను ట్రాలీలో కూర్చోబెడతారు. పొలానికి వెళ్లేటప్పుడు కూలీలను, చివరికి ఇంట్లో ముసలివాళ్లను కూడా ఎక్కిస్తారు. దానికి సీటు ఉండదు, పట్టుకోవడానికి పిడి ఉండదు, కారు నడిపేవాడికి వాళ్ల కేక వినపడదు. కొల్లూరు దగ్గర ఆ రోజు మా మనవడు నా వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. ట్రాలీలో గాలికి కూర్చుంటానని బయలుదేరేటప్పుడు మారాం చేశాడు. వాళ్ల అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతోంది. దీనికి మాత్రం హెచ్చరికతో సరిపెట్టకుండా అక్కడికక్కడే బండి ఆపించండి.

నేర్పడం గురించి కూడా ఒక మనవి. కారు లైసెన్సు పరీక్షలో ట్రైలర్ వెనక్కి నడపడం ఎవరూ అడగరు. తగిలించుకున్నవాడు మొదటిసారి సందులో ఇరుక్కుపోయినప్పుడు నేర్చుకుంటాడు, ఒక్కోసారి అది నేర్చుకునేలోపే వెనక నిలబడ్డ పిల్లవాడు కనిపించక ప్రమాదం జరుగుతుంది. ట్రాలీ వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు తిప్పినదానికి ఎదురు వైపు తిరుగుతుంది. అందుకని చేతిని స్టీరింగు అడుగున పెట్టి, ట్రాలీ ఎటు పోవాలో చేతిని అటు జరపమని నేను మా అల్లుడికి నేర్పాను. అరగంటలో వచ్చింది. మీ నాగోలు టెస్టింగ్ ట్రాకులో నెలకు ఒక ఆదివారం ఉదయం, పరీక్షలు లేని వేళ, ఇటువంటి శిక్షణకు రెండు గంటలు కేటాయిస్తే చాలు. ఆ రోజే ఒక మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గారు మా ట్రాలీల హుక్కు, గొలుసులు, లైట్లు చూసి, ఖాళీ బరువు, మొత్తం మీద మోయదగిన బరువు, టైరు గాలి ఎంతో చెక్కిన ఒక చిన్న రేకు పలకను ట్రాలీ ముందు భాగానికి రివెట్లతో కొట్టించే ఏర్పాటు చేయవచ్చు. పలక లేని ట్రాలీని అమ్మకూడదని చేసేవారికి చెప్పవచ్చు. దానికయ్యే రుసుము ఎంతైనా చెల్లించడానికి మేము వెనకాడం.

వీటన్నిటికంటే తేలికైన దారి ఒకటి ఉంది: కారు వెనక ట్రాలీలను పూర్తిగా నిషేధించడం. దయచేసి ఆ దారి పట్టవద్దు. నిషేధిస్తే మా సరుకు కారు నెత్తి మీదకు, డిక్కీ తలుపు తెరిచి తాళ్లతో కట్టిన స్థితిలోకి, లేదా ఆగిపోయిన బండిని ప్లాస్టిక్ తాడుతో లాగినట్టు లాగే ఏర్పాట్లలోకి పోతుంది. చక్కగా చేసి, తూచి నింపి, నెమ్మదిగా నడిపే ట్రాలీ వాటన్నిటికంటే భద్రమైనది.

నా ట్రాలీకి ఇప్పుడు హుక్కును చట్రానికి ఆరు బోల్టులతో బిగించారు, రెండు గొలుసులు ఉన్నాయి, ఇరుసుకు సరిగ్గా పైన ట్రాలీ లోపలి అడుగు మీద తెల్ల రంగుతో ఒక గీత గీశాను. సిమెంటు బస్తాలు తెచ్చేటప్పుడు ఏడు మించి వేయను, అవి కూడా ఆ గీతకు ముందే. మీరు పరీక్షకు ఏ తేదీ నిర్ణయిస్తే ఆ తేదీన, సరుకుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి దాన్ని మీ ఇన్‌స్పెక్టరు గారి ముందుకు తీసుకువస్తాను. తప్పు కనిపిస్తే మొదట నా బండికే చలానా రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
కుషాయిగూడకు చెందిన ఒక విశ్రాంత మెకానికల్ ఇంజినీరు,
హైదరాబాద్